బందరు సముద్రం చూడబోతున్నారా?

ఇంగ్లండులో సెలవులు రాగానే సముద్రపు ఒడ్డు ఊళ్ళకు ప్రయాణం కట్టడం ఒక పెద్ద ఆచారం. బ్రైటన్, బ్లాక్‌పూల్, వెస్టన్-సూపర్-మేర్ వంటి ఊళ్ళ గురించి అచ్చయ్యే గైడు పుస్తకాల్లో “ఇక్కడ చూడవలసినవి, చేయవలసినవి” అంటూ పొడవాటి పట్టికలుంటాయి. ఈ సరదా డాక్టర్ల చేతుల మీదుగా మొదలైంది. రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750 ప్రాంతంలో, సముద్రపు నీటిలో మునగడమే కాదు, ఆ నీరు తాగడం కూడా ఆరోగ్యమేనని పుస్తకం రాశాడు. జనం నమ్మి వెళ్ళారు. మునగడం వరకు సరే గాని, తాగమన్న సలహాను మాత్రం మీరు పాటించకండి. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మరి మన కృష్ణా జిల్లాలో అలాంటి ఊరేదీ? ఉంది. మచిలీపట్నం. మనమంతా బందరు అంటాం; బందరు అంటే పారశీక భాషలో రేవు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. అప్పటికే డచ్చివారు వచ్చి ఉన్నారు. తరువాత ఫ్రెంచివారూ వచ్చారు. వీళ్ళెవరూ స్నానాలకు రాలేదు లెండి. మన అద్దకపు గుడ్డల కోసం వచ్చారు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

విజయవాడ ఆటోనగర్ నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గూడూరు దాటి మచిలీపట్నం చేరతాం. అక్కడి నుంచి మంగినపూడి తీరం ఇంకో 11 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. కాని ఉత్త చేతులతో వెళ్ళకండి. సముద్రాన్ని ఊరికే చూసి వచ్చినవాళ్ళు “చాలా పెద్దగా ఉంది” అని మాత్రమే చెప్పగలుగుతారు.

సంచీలో ఏమేం పెట్టుకోవాలి?

ఆటోనగర్‌లో ఉన్నవాళ్ళకు ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. లారీ బాడీలు కట్టే షెడ్ల దగ్గర, పాత సామాన్ల కొట్ల దగ్గర అడిగితే పాడైపోయిన స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం దొరుకుతుంది. ఒకే రకం ఇనుప మేకులు మూడు, జింకు పూత ఉన్న మేకు ఒకటి తీసుకోండి. మూతలున్న సీసాలు నాలుగు, సెకన్ల ముల్లున్న గడియారం, స్కేలు, పది పుల్లలు, నోటు పుస్తకం కావాలి. తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన నీళ్ళ ట్యూబు ఎవరైనా ఎరువిస్తే మరీ మంచిది. ఇంకొకటి: గాలి నింపిన లారీ ట్యూబు, దానికి కట్టిన 30 మీటర్ల తాడు. ఇది ఆడుకోవడానికి కాదు. ఎందుకో తరువాత చెబుతాను.

దారిలోనే మొదటి లెక్క

రోడ్డు వెంట చాలా దూరం బందరు కాలువ మీకు తోడు వస్తుంది. దానిలో నీటిని ఏ పంపూ తోయడం లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచి నీరు దానంతట అదే సముద్రం వైపు జారుతోంది. బ్యారేజీ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 57.05 అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే సుమారు 17 మీటర్లు. అక్కడి నుంచి తీరం దాదాపు 70 కిలోమీటర్లు. భాగించి చూడండి: కిలోమీటరుకు 24 సెంటీమీటర్ల వాలు. మన కొలతలో చెప్పాలంటే కిలోమీటరుకు జానెడు! మీ ఇంటి వరండాకు తాపీ మేస్త్రీ పెట్టే వాలు దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ జానెడు వాలు వల్లనే డెల్టాకు సాగునీరు వచ్చింది. పైనుంచి కాలువలు తవ్వితే చాలు, వేలాది ఎకరాలకు నీరు పారింది. అయితే నీరు పైనుంచి కిందికి జారగలిగిన నేల మీదికి కిందినుంచి కూడా నీరు రాగలదు. ఈ అంకెను పుస్తకంలో రాసి పెట్టుకోండి. సముద్రం దగ్గర దీనితో పని పడుతుంది.

ఇసుకేది?

మంగినపూడిలో దిగగానే చాలామంది ఆశ్చర్యపోతారు. సినిమాల్లో చూసే పచ్చటి ఇసుక కాదు, నల్లటి మట్టి. పాదాలకు అంటుకుంటుంది. ఇక్కడ సముద్రం మురికిగా ఉందని పెదవి విరవకండి. ఆ నలుపు వందల కిలోమీటర్ల ప్రయాణం చేసి వచ్చింది. కృష్ణానది పుట్టిన పడమటి కనుమల్లోనూ, దక్కను పీఠభూమిలోనూ ఉన్నవి కోట్ల ఏళ్ళ నాటి లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాళ్ళు. అవి చితికి నల్లరేగడి అయింది. ఆ రేగడిని నది మోసుకొచ్చి ఇక్కడ దించింది. డెల్టా అంటే ఇదే. మీరు నిలబడ్డ నేలను నది తయారుచేసింది.

గుప్పెడు మట్టి సీసాలో వేసి నీళ్ళు పోసి బాగా కుదపండి. బరువైన ఇసుక రేణువులు నిమిషంలో అడుక్కి చేరతాయి. సన్నటి బంకమట్టి మాత్రం గంటలు గడిచినా నీటిలోనే ఉంటుంది. నది పెద్ద రేణువులను దారిలోనే వదిలేసి సన్నవాటిని సముద్రం దాకా ఎందుకు తేగలిగిందో దీన్నిబట్టి మీరే చెప్పగలరు. ఇప్పుడు మరికాస్త మట్టిని కాగితం మీద ఎండబెట్టి, అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాని మీద తిప్పండి. అంటుకొనే నల్లపొడిలో ఎక్కువ భాగం మాగ్నటైటు, అంటే ఇనుము ఆక్సైడు. సంచీ లేకుండా అయస్కాంతాన్ని నేరుగా తిప్పారో, ఆ పొడిని వదిలించడం మీ తరం కాదు.

ఆటుపోట్లు, అలలు

నీరు తగిలి వెనక్కు వెళ్ళే చోట ఒక పుల్ల గుచ్చండి. అరగంటకొకటి చొప్పున గుచ్చుతూ వేళ రాసుకోండి. మధ్యాహ్నానికల్లా పుల్లలు ఒక కథ చెబుతాయి: నీరు ముందుకు వస్తోందా, వెనక్కు పోతోందా అని. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. కనుక ఈరోజు పోటు వచ్చిన వేళకు రేపు రాదు, 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. చంద్రుడు ఉదయించే వేళ కూడా రోజురోజుకూ ఇంచుమించు అంతే వెనకబడుతుందని మీరు గమనించే ఉంటారు.

ఇప్పుడు నీళ్ళ ట్యూబు తీయండి. ఒక కొస మొదటి పుల్ల దగ్గర, రెండోది చివరి పుల్ల దగ్గర పట్టుకుంటే నీటి మట్టాల సహాయంతో ఎత్తులో తేడా తెలుస్తుంది. నీరు 20 మీటర్లు జరిగినా, ఎత్తులో తేడా చూస్తే కొన్ని పదుల సెంటీమీటర్లే ఉంటుంది. చదునైన తీరం కదా, నీటిమట్టం కాస్త పెరిగినా అంచు చాలా దూరం పరుగెత్తుతుంది. మన తీరంలో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరు, మీటరున్నర మాత్రమే. ఇందాక చెప్పిన వెస్టన్-సూపర్-మేర్ ఉన్న బ్రిస్టల్ జలసంధిలో ఈ తేడా 12 మీటర్లు దాటుతుంది! పాటు సమయంలో అక్కడ సముద్రం కిలోమీటరున్నర దూరం వెనక్కు పోయి బురద మిగులుతుంది. సెలవులకు వచ్చి సముద్రం కోసం వెతుక్కోవలసిన ఊరు అది. గరాటులా ఇరుకైన జలసంధిలోకి అట్లాంటిక్ నీరు దూరడమే దీనికి కారణం.

అలల సంగతి. వరుసగా పది అలలు ఒకే చోటును దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి పదితో భాగించండి. అది అల ఆవర్తన కాలం. దాన్ని 1.56తో గుణిస్తే, లోతు సముద్రంలో ఆ అల సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో వచ్చిందో తెలుస్తుంది. 8 సెకన్ల అలకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. సరుకు నింపుకొన్న లారీ వేగం! మరి నీరంతా ఆ వేగంతో మన మీదికి వస్తోందా? లేదు. అలలు విరగని చోట తేలుతున్న కొబ్బరికాయనో, కర్రనో గమనించండి. అల వచ్చినప్పుడు లేస్తుంది, పోగానే దిగుతుంది, ఉన్నచోటనే దాదాపుగా ఉండిపోతుంది. పరుగెత్తేది ఆకారమూ శక్తీ మాత్రమే.

ఉప్పెన లెక్క

కాని నీరే నడిచి వచ్చే రోజులు కూడా ఉన్నాయి. 1864 నవంబరు 1న పెద్ద తుఫాను బందరును తాకింది. మామూలు పోటుకంటే 13 అడుగుల ఎత్తున సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆ ప్రాంతంలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద మరో ఉప్పెన. నీటి ఎత్తు 5 మీటర్లు. పదివేల మందికి పైగా పోయారు. మీ ఇళ్ళలో తాతయ్యలూ అమ్మమ్మలూ దీన్ని చూసి ఉంటారు. అడగండి, పుస్తకాల్లో లేనివి చెబుతారు.

అంత నీరు ఎలా లేస్తుంది? తుఫాను నడిబొడ్డున గాలి పీడనం తక్కువ. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు ఉబుకుతుంది. 1977 తుఫానులో పీడనం మామూలుకంటే 70 మిల్లీబార్ల వరకూ పడిపోయింది. అంటే ఇలా లేచింది 70 సెంటీమీటర్లు మాత్రమే. మిగతా నాలుగు మీటర్లపైన? అది గాలి తోసుకొచ్చిన నీరు. లోతైన సముద్రంలో అయితే గాలి తోసిన నీరు అడుగునుంచి వెనక్కు జారిపోతుంది. మన తీరం ముందు సముద్రం లోతు తక్కువ. జారిపోవడానికి చోటు లేదు, పోగుపడుతుంది.

ఇప్పుడు ఉదయం రాసుకున్న అంకె తీయండి. 5 మీటర్ల నీరు, కిలోమీటరుకు 24 సెంటీమీటర్ల వాలున్న నేల. ఎంత దూరం పాకాలి? సుమారు 20 కిలోమీటర్లు. 1864లో నీరు కొన్నిచోట్ల 17 మైళ్ళు, అంటే 27 కిలోమీటర్లు లోపలికి వచ్చిందని పాత రికార్డులు చెబుతున్నాయి. బందరు రోడ్డు మీద వచ్చేటప్పుడు ఆఖరి 20 కిలోమీటర్లలో ఎన్ని ఊళ్ళు దాటారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంకొక చిన్న పరిశోధన చేద్దాం. 1864 నవంబరు 1 ఏ తిథి? లెక్క వేస్తే అమావాస్య అంతకు రెండు రోజుల ముందే అయింది. అమావాస్యకూ, పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి పోటు ఎక్కువగా ఉంటుంది. ఆ ఎత్తు మీద ఉప్పెన ఎక్కింది. మరి 1977 నవంబరు 19? అష్టమి ప్రాంతం. పోట్లు బలహీనంగా ఉండే కాలం! అంటే ఆ ఉప్పెన వారం రోజులు అటో ఇటో వచ్చి ఉంటే, నీటిమట్టం ఇంకా పెరిగి ఉండేదన్నమాట.

1990 మే నెలలో దాదాపు ఇదే తీరాన్ని ఇంకో భయంకరమైన తుఫాను తాకింది. చనిపోయినవారు వెయ్యిలోపు. పదమూడేళ్ళలో గాలి మెత్తబడలేదు. ముందుగా కబురు అంది, లక్షలాది మంది ఊళ్ళు ఖాళీ చేసి కదిలారు. అదే తేడా. ఇప్పుడు మచిలీపట్నంలో వాతావరణ శాఖవారి డాప్లర్ రాడారు ఉంది. అది మేఘంలోని నీటి బిందువులు ఎంత వేగంతో దగ్గరకు వస్తున్నాయో, దూరం పోతున్నాయో కూడా కొలుస్తుంది. రైలు మన ముందునుంచి పోయేటప్పుడు కూత స్థాయి మారుతుందే, అదే సూత్రం.

సునామీ మాట వేరు. దానికి గాలితో పని లేదు, సముద్రపు అడుగున వచ్చే భూకంపం నీటినంతా కుదుపుతుంది. 2004 డిసెంబరు 26, ఆదివారం, మార్గశిర పౌర్ణమి. మంగినపూడికి పుణ్యస్నానాలకు వచ్చినవాళ్ళలోనూ ప్రాణాలు పోయాయి. ఆంధ్ర తీరం మొత్తం మీద నూరుమందికి పైగా చనిపోయారు. లోతును మీటర్లలో తీసుకొని 9.8తో గుణించి వర్గమూలం కడితే ఇటువంటి అల వేగం వస్తుంది. 3,000 మీటర్ల లోతుకు సెకనుకు 171 మీటర్లు, గంటకు సుమారు 615 కిలోమీటర్లు. సుమత్రా దగ్గర నుంచి మన తీరం 2,000 కిలోమీటర్లు అనుకుంటే మూడు గంటలు. భూకంపం తెలిసిన వెంటనే హెచ్చరిస్తే తీరం ఖాళీ చేయడానికి చాలిన వ్యవధి! ఆనాడు ఆ కబురు చెప్పే ఏర్పాటే లేదు. 2007 నుంచి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం రాత్రింబగళ్ళు ఈ పని చేస్తోంది. ఎవరి కబురూ రాకపోయినా మీకు మీరే గుర్తించగలిగిన సూచన ఒకటుంది. సముద్రం ఉన్నట్టుండి మామూలుకంటే చాలా దూరం వెనక్కుపోతే గవ్వలు ఏరడానికి వెళ్ళకండి. పెద్దగా కేకలు వేస్తూ ఎత్తైన చోటికి పరుగెత్తండి.

నీళ్ళలో దిగేవాళ్ళకు

తుఫానూ సునామీ లేని మామూలు ఆదివారం కూడా సముద్రం మనుషులను తీసుకుపోతుంది. మంగినపూడిలో చాలా దూరం లోతు ఉండదు. అదే మోసం. ఒడ్డుకు చేరిన నీరంతా ఎక్కడో ఒకచోట వెనక్కు పోవాలి కదా? అడుగున మట్టి దిబ్బల మధ్య సందు దొరికితే అక్కడ ఒక కాలువలా కూడి వేగంగా లోపలికి పోతుంది. దీన్ని రిప్ కరెంటు అంటారు. ఒక్కొక్కప్పుడు దాని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్ళు కూడా దానికి ఎదురీది నిలవలేరు.

గుర్తుపట్టడం ఎలా? ఒడ్డున కాస్త ఎత్తున నిలబడి పది నిమిషాలు చూడండి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, బురద రంగుతో ఉంటుంది. తెలియనివాళ్ళు “ఇక్కడ అలలు లేవు, స్నానానికి బాగుంది” అని సరిగ్గా అక్కడే దిగుతారు! పొరపాటున చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకండి. అది మిమ్మల్ని కిందికి ముంచదు, లోపలికి లాగుతుంది, అంతే. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పట్టీ దాటాక అప్పుడు తిరగండి. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటి వెళ్ళనే కూడదు.

లారీ ట్యూబు దీనికోసమే. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకండి. ఒకరికి బదులు ఇద్దరు పోయిన సందర్భాలే ఎక్కువ. ట్యూబు విసరండి, తాడు ఒడ్డున నలుగురు పట్టుకోండి. దాని మీద కూచొని షికారు మాత్రం చేయకండి. నేలమీది నుంచి గాలి వీస్తే అరగంటలో మిమ్మల్ని కనిపించనంత దూరం చేరుస్తుంది.

కనిపించనంత దూరమంటే ఎంత? కంటి ఎత్తును మీటర్లలో తీసుకొని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మీ కన్ను 1.5 మీటర్ల ఎత్తున ఉంటే 4.4 కిలోమీటర్లు మాత్రమే! ఆ పక్కనే ఉన్న లైటుహౌసును అంత ఎత్తుగా ఎందుకు కట్టారో వేరే చెప్పనక్కరలేదు.

ఉప్పు మూట

రెండు సీసాల నిండా సముద్రపు నీరు పట్టుకోండి. ఇంటికి వెళ్ళాక 200 మిల్లీలీటర్లు పింగాణీ పళ్ళెంలో పోసి మేడ మీద ఎండబెడితే ఆరు గ్రాముల దాకా ఉప్పు మిగులుతుంది. ప్రపంచ సముద్రాల సగటు లీటరుకు 35 గ్రాములు. మన బంగాళాఖాతంలో కొంచెం తక్కువ, ఎందుకంటే గంగ మొదలు కృష్ణ దాకా ఎన్నో నదులు మంచినీళ్ళు తెచ్చి కలుపుతున్నాయి. వరదల తరువాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కొలిస్తే తేడా కనిపిస్తుంది. మన మూత్రపిండాలు ఇంత ఉప్పగా మూత్రాన్ని తయారు చేయలేవు. కనుక ఒక గ్లాసు సముద్రపు నీరు తాగితే ఆ ఉప్పును బయటికి పంపడానికి శరీరం గ్లాసు కంటే ఎక్కువ నీరు ఖర్చు పెట్టాలి. డాక్టర్ రస్సెల్ ఈ లెక్క చూసుకోలేదు.

కోడిగుడ్డు సముద్రపు నీటిలో తేలుతుందని అనేవాళ్ళున్నారు. వేసి చూడండి. తాజా గుడ్డు మునుగుతుంది! సముద్రపు నీటి సాంద్రత 1.025 దాకా ఉంటే, తాజా గుడ్డుది 1.08 ప్రాంతం. అందులో ఇంకా ఎన్ని చెంచాల ఉప్పు కలిపితే లేస్తుందో కనుక్కోవడం మీ వంతు.

తిరుగు దారిలో వేళ ఉంటే బందరుకోట వైపు వెళ్ళండి. డచ్చివారి సమాధుల మీద చెక్కిన పదిహేడవ శతాబ్దపు అక్షరాలు చూడవచ్చు. గిలకలదిండి రేవులో పడవలు దిగే వేళకు వెళితే చేపల రకాలు లెక్కపెట్టలేరు. బందరు లడ్డు గురించి నేను చెప్పేదేముంది, ఊరు దాటేలోగా మీరే కొంటారు.

మేకులు ఏమయ్యాయి?

ఇంటికి రాగానే మూడు మేకులనూ సబ్బుతో కడిగి నూనె జిడ్డు వదిలించండి. ఒకదాన్ని పొడిగా ఉంచండి. రెండోదాన్ని కాలువ నీటిలో, మూడోదాన్ని సముద్రపు నీటిలో రోజూ ఒకసారి ముంచి తీసి ఆరనివ్వండి. జింకు పూత మేకునూ సముద్రపు నీటిలోనే ముంచండి. పది రోజులకు మూడో మేకు ఎర్రటి బొబ్బలు కట్టి ఉంటుంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. తుప్పు పట్టడమనేది ఇనుము మీద జరిగే చిన్న విద్యుత్ రసాయన చర్య. జింకు మాత్రం తాను ముందు కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఆటోనగర్‌లో టింకరింగు చేసే మేస్త్రీలను అడగండి, తీరంలో తిరిగే లారీల అడుగురేకులు ఎలా తినేసి ఉంటాయో చూపిస్తారు.

ఆ తుప్పును పారేయకండి. బందరు పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం చేసేవాళ్ళు తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీటిలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ పులుపుతో ఇనుము కరిగి నీటిలోకి వస్తుంది. కరక్కాయ కషాయంలో ముంచి ఆరేసిన గుడ్డ మీద దీన్ని అద్దితే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి చిక్కటి నలుపు పుడుతుంది. ఉతికినా పోదు. ఎరుపు కోసం పటికతో అద్ది, పూర్వం చిరివేరు వాడేవారు. ఈ రంగుల కోసమే 1611లో ఇంగ్లీషు ఓడ బందరు చేరింది.

మీరూ చేయవచ్చు. మీ తుప్పు మేకును కాస్త వెనిగర్‌లో వారం రోజులు నాననివ్వండి. విడిగా రెండు కరక్కాయలు దంచి నీళ్ళలో మరిగించి వడకట్టి, అందులో పాత తెల్లగుడ్డ ముంచి ఆరబెట్టండి. తరువాత పుల్లతో మేకు నీళ్ళు తీసుకొని దాని మీద మీ పేరు రాయండి. రాసేటప్పుడు పేలవంగా కనిపించిన గీత కళ్ళెదుటే నల్లబడుతుంది. చేతులకు అంటితే నాలుగు రోజుల దాకా వదలదు. పాత చొక్కా వేసుకొని మరీ మొదలుపెట్టండి.